గడిని పార్కు చేసే పని: మా ఊరి డైరీ, కొలతలు, ఖర్చులు, తప్పులు

మా ఊళ్లో కూలుతున్న గడిని, అంటే దొరల పాత కోటలాంటి ఇంటిని, పార్కు చేశాం. అది తెలిసి హుజూరాబాద్ వైపు మూడు ఊళ్ల నుంచి ఫోన్లొచ్చాయి. "మా గడి గూడ గిట్లనే కూలుతుంది, మీరేం జేసిన్రు, ఎంతయింది?" అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు రాసిపెడితే నయమనిపించింది. నేను సివిల్ డిప్లొమా చదివి హనుమకొండలో సైటు సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. ఆదివారాలూ సెలవులే నాకు దొరికేవి. పాత కట్టడాల పని నాకు కొత్త. మొదటి ఆరు నెలల్లో చేసినదాంట్లో సగం మళ్లీ ఊడదీశాం. అందుకే ఈ డైరీలో ఊడదీసిన సంగతులే ఎక్కువ.

ముందు కొలతలు. ప్రహరీ 12 అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల మందం, రాయీ డంగు సున్నం (గానుగలో నూరిన సున్నపు గార). రెండు బురుజుల్లో ఒకటి మొండిగా మిగిలింది. లోపల రెండంతస్తుల భవంతి, దాని పైకప్పు పోయింది. దర్వాజ దాటగానే కచ్చీరు (దొర పంచాయితీలు చేసే సావడి), కుడిచేతి పక్క గుర్రాల కొట్టం పునాది, వెనక బావి. వెనక గోడకు 36 అడుగుల గండి.

1978లో దొరలకు ఎదురు తిరిగి రైతుకూలీలు చేసిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఉత్తర తెలంగాణలో చాలామంది దొరలు గడీలకు తాళాలేసి పట్నం పోయారు. మా ఊరి దొరలూ ఆ రోజుల్లోనే పోయారు. నలభై ఏళ్లు తాళం ఉంది కానీ వెనక గండి కూడా ఉంది. అక్కడి రాళ్లు ఎక్కడికి పోయాయో ఊళ్లో అందరికీ తెలుసు. ప్రతి రెండో ఇంట్లో బట్టలుతికే బండ గడి బండే. మా ఇంట్లోదీ అంతే.

భవంతిని ముట్టుకోవద్దని మొదటే అనుకున్నాం. దానికి కోట్లు కావాలి. చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టి వదిలేశాం. ప్రహరీ, కచ్చీరు, బావి, ఖాళీ జాగా ఈ నాలుగే మా పని.

దశ 1: కాగితాలు (2023 డిసెంబర్ – 2024 మార్చి)

దొర వారసులు ఐదుగురు. నలుగురు హైదరాబాద్‌లో, ఒకరు విదేశంలో. నలుగురు సంతకం పెడితే సరిపోతుందనుకుని దానపత్రం రాయించాం. రిజిస్ట్రేషన్ దగ్గర అది ఆగిపోయింది. ఐదో ఆయన పవర్ ఆఫ్ అటార్నీ రావడానికి ఏడు వారాలు పట్టింది. ఈలోపు ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. పాత పాలకవర్గం తీర్మానం కాపీ చేతిలో ఉంది కాబట్టి బతికిపోయాం. లేకుంటే మళ్లీ మొదటికొచ్చేది.

కాగితంలో 2 ఎకరాల 14 గుంటలు. 33 అడుగుల గొలుసుతో కొలిస్తే (గొలుసుకు గొలుసు ఒక గుంట, లెక్క తేలిక) 2 ఎకరాల 6 గుంటలే తేలింది. తక్కువైన 8 గుంటల్లో నాలుగు ఇళ్లు, ఒక గడ్డివాము ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని మీటింగులో తేల్చాం. కొందరికి ఇప్పటికీ కోపమే. నా లెక్క వేరు. నాలుగిళ్లతో కొట్లాట పెట్టుకుని తెరిచిన పార్కుకు సాయంత్రం వచ్చేదెవరు?

1. ముందు కొలత, తర్వాత కాగితం. మేం తిరగేసి చేశాం.
2. కొలిచిన హద్దులే దానపత్రంలో రాయించండి.
3. వారసులందరి సంతకాలూ ఒకేసారి. "ఆయన తర్వాత పెడతడు" అంటే నమ్మకండి.

ఖర్చు 18,400. ఇప్పటిదాకా: రూ. 18,400.

దశ 2: పొదలు, రావి వేర్లు (2024 మార్చి – ఏప్రిల్)

లోపలంతా సర్కారు తుమ్మ, లాంటానా. జేసీబీ పెట్టి నేలమట్టానికి కోయించాం. మూడు వారాల్లో ఒక్కో మొద్దుకు ఎనిమిది, పది చిగుర్లు లేచాయి. సర్కారు తుమ్మకు ప్రాణం నేల కిందుంటుంది. మొద్దు చుట్టూ అడుగు లోతు తవ్వి, వేరు మొదలు కిందికి నరికితేనే చస్తుంది. ఇదే పని రెండోసారి మనుషులతో చేయించాం. జేసీబీ 14 గంటలు, గంటకు 1,200 చొప్పున 16,800. కూలి 62 మందికి 500 చొప్పున 31,000.

ఇంతకంటే పెద్ద తప్పు ఉత్తరం గోడ మీద జరిగింది. అక్కడో రావిచెట్టు, కాండం తొడంత లావు. వేర్లు గోడలో ఎంత లోపలికి దిగాయో చూడకుండా గొలుసు కట్టి జేసీబీతో లాగించాను. చెప్పింది నేనే, ఇంకెవరి మీదా పెట్టలేను. చెట్టుతో పాటు పది అడుగుల గోడ నేలకొరిగింది. మనుషులు అవతలి పక్కనున్నారు కాబట్టి సరిపోయింది. గోడను అప్పటికి సున్నం పట్టి ఉంచడం లేదు, వేర్లే పట్టి ఉంచాయి. ఆ సంగతి పడ్డాక తెలిసింది.

మిగిలిన ఆరు రావి మొక్కలకు చేసింది:

1. కాండం గోడకు జానెడు దూరంలో రంపంతో కోయడం.
2. మొదలు చుట్టూ బెరడు నాలుగు వేళ్ల వెడల్పు ఒలిచేయడం.
3. చిగురు కనబడ్డప్పుడల్లా గిల్లడం. ఈ పని బడి పిల్లలకు అప్పజెప్పాం, పోటీపడి చేశారు.
4. వేరు ఎండి చేతికి వదులయ్యాక బయటికి తీసి, ఆ సందులో అప్పటికప్పుడే సున్నపు గార కూరడం.

నెమ్మదైన పద్ధతే. ఆరింటికీ ఎనిమిది నెలలు పట్టింది. గోడ మాత్రం ఒక్క రాయి కదల్లేదు.

ఖర్చు 47,800. ఇప్పటిదాకా: రూ. 66,200.

దశ 3: బావి (2024 ఏప్రిల్ – జూన్)

వ్యాసం 18 అడుగులు. రాతికట్టు లోతు 42 అడుగులుండేదని పాత వాళ్లు చెప్పారు. తాడుకు గుండు కట్టి వదిలితే 33 దగ్గర ఆగింది. అంటే 9 అడుగుల పూడిక. నీళ్లు 19 అడుగుల కింద.

ఐదు హార్స్‌పవర్ మోటారు దించి, పొద్దున నుంచి రాత్రి దాకా తోడాం. నీళ్లు 19 నుంచి 31 అడుగులకు పోయాయి. ఒక్కరోజులో పన్నెండడుగులు దించామని ఫొటోలు కూడా పెట్టుకున్నాం. తెల్లారి పోయి చూస్తే తూర్పు వైపు రాతికట్టు ఏడడుగుల వెడల్పున పొట్ట ఉబ్బింది. మధ్యాహ్నానికి బావిలో పడిపోయింది.

కారణం తర్వాత కూర్చుని ఆలోచిస్తే అంతుబట్టింది. బావిలో నీళ్లు గబగబా తగ్గాయి గానీ కట్టు వెనకున్న మట్టిలో నీళ్లు అంత తొందరగా దిగలేదు. అదివరకు లోపలి నీళ్లు కట్టును ఎదురు నెట్టేవి, అవి పోయాయి. వెనక నీళ్ల బరువంతా కట్టు మీద పడింది. కాలేజీలో పరీక్షకు రాసిన పాఠమే ఇది. సైటు మీద గుర్తు రాలేదు.

మార్చుకున్న పద్ధతి:

1. రోజుకు ఒక అడుగుకు మించి దించొద్దు. పొద్దునా సాయంత్రం గోడ మీద సుద్దతో గీత గీయాలి.
2. మనిషిని దించే ముందు వడ్లు తూర్పారబట్టే ఫ్యానుకు గుడ్డగొట్టం కట్టి అరగంట గాలి లోపలికి కొట్టాలి. దీపం దించి చూసి, ఆరలేదు కదా అని దిగొద్దు. విషవాయువులన్నీ దీపానికి దొరకవు. మేం ఆక్సిజన్ మీటరు అద్దెకు తెచ్చాం.
3. దిగిన మనిషి నడుముకు తాడు, ఆ తాడు మీద ఇద్దరు. వాళ్లకు ఇంకే పనీ చెప్పొద్దు.
4. పడ్డ కట్టు తిరిగి కట్టేటప్పుడు ప్రతి నాలుగడుగులకూ నీళ్లు కారే సందులు వదలాలి.

ట్రాక్టర్‌తో 23 ట్రిప్పులు పూడిక బయటపడింది. మట్టితో పాటు సైకిల్ రిమ్ములు, పగిలిన బోనం కుండలు, ప్లాస్టర్ వినాయకుల చేతులూ తొండాలూ. తొండాలను పిల్లలు వరస పెట్టి లెక్కేస్తే పదిహేడు. మంచి మట్టిని మొక్కల గుంతలకు వాడాం.

పూడికతీత 71,500. పడ్డ కట్టుకు 38,000. ఈ రెండోది పూర్తిగా నా తొందర ఖరీదు. ఇప్పటిదాకా: రూ. 1,75,700.

దశ 4: సున్నం (2024 ఏప్రిల్ – నవంబర్)

అడిగేవాళ్లంతా అడిగేది దీని గురించే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా.

సిమెంట్ ఎందుకొద్దంటే, కచ్చీరులో కొన్నాళ్లు అంగన్‌వాడీ నడిచింది. అప్పుడెవరో చెమ్మ వస్తుందని గోడ కింద నాలుగడుగుల ఎత్తు సిమెంట్ పూయించారు. చెమ్మ బయటికి ఆరే దారి మూసుకుపోయి ఇంకా పైకెక్కింది. సిమెంట్ ఉన్న గోడకు తడి గీత 5 అడుగుల 2 అంగుళాల దగ్గర, సిమెంట్ లేని పక్క గోడకు 1 అడుగు 8 అంగుళాల దగ్గర ఉంది. ఒకే నేల, ఒకే రాయి. సిమెంట్ పైఅంచున ఉప్పు తెల్లగా తేలి, రాయి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. సన్నటి ఉలితో ఆ పూత తీయించడానికే పదకొండు రోజులు పట్టింది. నాలుగు నెలల తర్వాత తడి గీత 3 అడుగుల 1 అంగుళానికి దిగింది.

మొదటి ప్రయత్నం: దుకాణంలో బస్తా సున్నం పొడి కొన్నాం. ఎన్నాళ్ల నుంచి మూలన పడుందో, సగం చచ్చిన సరుకు. పది రోజులైనా గోరుతో గీస్తే రాలింది.

రెండో ప్రయత్నం: గడ్డ సున్నం తెచ్చి డ్రమ్ముల్లో నీళ్లు పోసి నాలుగు రోజులకే వాడాం. గోడ నున్నగా వచ్చింది. నెల తిరిగేసరికి పూత మీద అమ్మవారు పోసినట్టు పొక్కులు. నానని గడ్డలు గోడలోకి పోయాక నెమ్మదిగా నానుతూ ఉబ్బి పొక్కాయి. 140 చదరపు అడుగులు చెక్కేశాం. పైగా ఏప్రిల్ ఎండ. తడి గోనెలు కప్పినా మధ్యాహ్నానికి కరకరలాడేవి, చీలికలు వేరే.

అప్పటికి సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఒకాయన దొరికాడు. డెబ్బై దాటాయి. చేతులతో చేయలేడు, కుర్చీలో కూర్చుని చెప్తాడు. డ్రమ్ములు చూసి మొదట అన్నమాట: "సారూ, ఇది సున్నం గాదు, ఆత్రం."

మూడో ప్రయత్నం, ఇప్పుడు వాడుతున్నది:

1. ఇటుకలు పరిచిన గుంత, 6 × 4 అడుగులు, 3 అడుగుల లోతు. ముందు నీళ్లు, తర్వాత సున్నపు గడ్డలు కొంచెం కొంచెంగా. సున్నం మీద నీళ్లు కుమ్మరించొద్దు, ఎగిరి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా ఎవరినీ గుంత దగ్గరికి రానీయొద్దు.
2. పాలలా అయ్యాక సన్న జల్లెడలో వడగట్టి పక్క గుంతలోకి. జల్లెడలో మిగిలింది పారేయాలి.
3. పైన రెండంగుళాల నీళ్లు నిలబెట్టి కనీసం 21 రోజులు. మేం ఎక్కువలో ఎక్కువ 60 రోజులుంచాం, తేడా చేతికే తెలుస్తుంది. గట్టి పెరుగులా కత్తిపీటకు కోసుకుంటుంది.
4. ఇసుకను సీసాలో ఉప్పునీళ్లతో ఊపి రాత్రంతా ఉంచాలి. పైన తేరిన మట్టి పదో వంతు దాటితే ఆ ఇసుక కడగాల్సిందే. మాకొచ్చిన మూడు ట్రాక్టర్లలో ఒకటి ఇట్ల వెనక్కి పంపాం.
5. గోడ సందులకు సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. తడి తగిలే చోట సున్నం ఒకటి, ఇటుక పొడి ఒకటి, ఇసుక రెండు.
6. ఎడ్ల గానుగ ఎక్కడా దొరకలేదు. కాంక్రీటు మిక్సర్ కలుపుతుంది గానీ నూరదు. చివరికి బండ మీద పోసి రోకళ్లతో దంచడమే. విడిగా నీళ్లు పోయకుండా దంచితే దానంతటదే మెత్తబడుతుంది. ఈ ఒక్కటి కళ్లతో చూస్తే గానీ నమ్మలేదు నేను.
7. పూతకు పది రోజులు తడి గోనె. ఏప్రిల్, మే నెలల్లో పూత పని పెట్టుకోవద్దు.

కరక్కాయ, బెల్లం నీళ్ల గురించి ఒక మాట. యూట్యూబులో చూసి మొదట బెల్లం దండిగా వేశాం. గోడ నిండా చీమలు, తర్వాత నల్లటి బూజు. మేస్త్రీ నవ్వి, "గోడకు పాయసం వోసినవా?" అన్నాడు. ఆయన చెప్పిన కొలత: వంద లీటర్ల నీళ్లకు దంచిన కరక్కాయ రెండున్నర కిలోలు, బెల్లం కిలో. ఐదు రోజులు నానబెట్టి వడగట్టి, దంచేటప్పుడు చిలకరించాలి, అంతే.

గోడ గట్టిపడిందో లేదో చూడటానికి హైస్కూలు ల్యాబు నుంచి ఫినాఫ్తలీన్ తెచ్చాం. చిన్న రంధ్రం చేసి చుక్క వేస్తే, ఇంకా పచ్చిగా ఉన్న సున్నం గులాబీ రంగుకు తిరుగుతుంది. గాలి పీల్చి రాయిగా మారిన భాగానికి రంగు రాదు. 28 రోజులకు పైనుంచి 5 మిల్లీమీటర్లే రంగు రాలేదు, లోపలంతా గులాబీ. నెలకే పని అయిపోయిందని చేతులు దులుపుకునే అలవాటు సిమెంట్ నేర్పింది.

ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలు గుర్తుండే ఉంటాయి. మహబూబాబాద్, ఖమ్మం అతలాకుతలమైన వానలు. మా దగ్గర అంత కాదు గానీ, తొమ్మిది రోజుల వయసున్న పూత 60 చదరపు అడుగులు పాలలా కారిపోయింది. జూన్‌లో చేసినది నిలిచింది. వానాకాలంలో పూత పెట్టుకుంటే పైన రేకులు కట్టాకే పెట్టుకోండి.

ఖర్చు 1,46,300. అందులో చెక్కి పారేసిందీ, కారిపోయిందీ కలిపి 21,600. ఇప్పటిదాకా: రూ. 3,22,000.

దశ 5: కచ్చీరు కప్పు, కోతులు (2024 అక్టోబర్ – డిసెంబర్)

టేకు దూలాలు గట్టివే. వాసాల్లో తొమ్మిది మార్చాం. గూన పెంకులు 1,900 కొత్తవి వేశాం, మూడు వారాల్లో కోతులు 310 పగలగొట్టాయి. పటాకులు, కొండముచ్చు బొమ్మ, అన్నీ రెండ్రోజుల ముచ్చటే. చివరకు అవి ఎటునుంచి వస్తున్నాయో ఒక ఆదివారమంతా కూర్చుని చూశాను. వేపచెట్టు ఒకే కొమ్మ వాటికి వంతెన. ఆ కొమ్మ కొట్టించి, అంచు వరసలూ కొప్పు వరసా సున్నంలో కూర్చోబెట్టాం. ఇప్పుడు నెలకు నలభై దాకా పగులుతున్నాయి. ఇంతకన్నా తగ్గించే ఉపాయం నాకు దొరకలేదు. రెండు వందల పెంకులు ఎప్పుడూ మూలన పేర్చి ఉంచాలి, అదే ఉపాయం.

కచ్చీరు మధ్య స్తంభానికి ఒక ఇనుప కడియం ఉంది. ఎందుకుందో ఊళ్లో అడగక్కర్లేదు. తుప్పు ఉబ్బి రాయిని చీలుస్తోంది, కోసేద్దామని కుర్రాళ్లన్నారు. ఉండాలని పెద్దవాళ్లన్నారు. తుప్పు గీకి, మిగిలిపోయిన కరక్కాయ నీళ్లు మూడుసార్లు పూస్తే నీలినల్లగా మారింది. కరక్కాయలోని వగరు తుప్పును పట్టి నిలబెడుతుంది. మీద మైనం పూశాం. పక్కన బోర్డేమీ పెట్టలేదు.

డిసెంబర్ 4 పొద్దున 7:27కు భూమి కదిలింది. ములుగు దగ్గర కేంద్రం, తీవ్రత 5.3. సెలవు పెట్టి ఊరికి పరుగెత్తాను. గోడ చీలికల మీద ముందే ఆరు గాజు పట్టీలు అతికించి తేదీ రాసి ఉంచాను, చీలిక పెరిగితే గాజు పగులుతుందని. ఒకటే పగిలింది, బురుజు కింద ఇంకా తీయని సిమెంట్ అతుకు మీద ఉన్నది. ఒక్క గాజును చూసి సున్నమే గొప్పదని తీర్పు చెప్పను గానీ, ఆ అతుకు మాత్రం జనవరిలోనే తీయించాను. ఆ కూలి సున్నం లెక్క నుంచి కాక కప్పు ఖర్చులో కలిపాను.

ఖర్చు 58,000. ఇప్పటిదాకా: రూ. 3,80,000.

దశ 6: మొక్కలు, బాటలు

తొందరగా చెప్తా. పాత చింతలు, పొగడ, నేరేడు కలిపి పదకొండు పెద్ద చెట్లున్నాయి, వాటి నీడే పార్కు. జులైలో 140 మొక్కలు నాటాం, డిసెంబర్‌కు 83 మిగిలాయి. పోయినవాటిలో ఎక్కువ మేకలకు, కొన్ని మా నీళ్ల లెక్క తప్పినందుకు. పెద్ద చెట్ల చుట్టూ గుండ్రంగా గద్దెలు కట్టొద్దు, వేర్లకు ఊపిరాడదు. ఒకటి కట్టి తీసేశాం. బాటలు మొరం పోసి తడిపి తొక్కించినవే, టైల్స్ లేవు.

ఖర్చు 44,500. ఇప్పటిదాకా: రూ. 4,24,500.

దశ 7: గండి (2025 జనవరి – ఫిబ్రవరి)

వెనక గండిని మూయడం మొదటి రోజు నుంచీ ప్లానులో ఉంది. 36 అడుగులు, అంచనా 1,10,000. పైసల కోసం చివరికి ఉంచాం.

సంక్రాంతికి పార్కు తెరిచాం, పెద్ద దర్వాజ నుంచి. నాలుగు ఆదివారాలు సాయంత్రం లెక్క రాయించాను. వచ్చినవాళ్లు 212. అరవై దాటినవాళ్లు తొమ్మిది మంది. ఊళ్లో ముసలివాళ్లు అంత తక్కువేం కాదు. ఎండ అనుకున్నాం, మెట్లు ఎత్తనుకున్నాం. ఒక అడుగు ఎత్తు తగ్గించి మొరం వాలు కూడా పోశాం.

రెండో ఆదివారం నేను దర్వాజ దగ్గరే ఉన్నా. ఎనభై ఏళ్ల తాత ఒకాయన మనవడి చెయ్యి పట్టుకుని వచ్చాడు. గడప ముందు ఆగి, వంగి, చెప్పులు విడిచాడు. విడిచి అక్కడ వదల్లేదు, చంకలో పెట్టుకున్నాడు. మనవడు "ఏందే తాతా, తొడుక్కో" అని గుంజుతున్నాడు. నేనూ "తాతా, తొడుక్కో, ఇది మన పార్కే" అన్నాను. ఆయన నా మొహం చూసి, చెప్పులు తీసి చూసుకుని, మళ్లీ చంకలోనే పెట్టుకుని, బయటి వేపచెట్టు కింద కూర్చున్నాడు. లోపలికి రాలేదు.

ఆ వారమే మా వాడకట్టు అవ్వను అడిగాను. చిన్నప్పుడు వాళ్లమ్మ వెంట వెట్టికి పోయిన మనిషి. "గా దర్వాజల నుంచి మేమెప్పుడు పోయినం బిడ్డా? ఎనుకనుంచే. గోడ పడ్డంక గా సందుల నుంచే గడ్డికి పోయినం, తునికాకు ఎండవోసినం. గదే మా తొవ్వ. దాన్ని మూస్తరంటున్నరు?"

మీటింగు పెట్టాం. గండి మూయొద్దు, దాన్నే రెండో ద్వారం చేద్దామన్నాను. దొంగలు పడతారన్నారు, కోట రూపు పోతుందన్నారు. మూడు గంటలు పట్టింది. చేసిన పని:

1. తెగిన అంచుల్లో వదులు రాళ్లు తీసి, మెట్లు మెట్లుగా సున్నంలో కూర్చోబెట్టడం. నిట్టనిలువుగా కడితే కొత్త గోడలా కనిపిస్తుంది, బరువూ ఒకే చోట పడుతుంది.
2. గోడ తలకు సున్నం, ఇటుక పొడి కప్పు. వాన గోడలోకి దిగేది అక్కడి నుంచే.
3. రాత్రికి వెదురు తడిక. గేటు లేదు.
4. వెనక నేల రెండడుగుల పల్లం. ఐదు బండల మెట్లు.

ఖర్చు 13,200. ఇప్పటిదాకా: రూ. 4,37,700. చందాలు 4,50,000, చేతిలో 12,300. అది పెంకులకు.

గండి తెరిచాక నాలుగు ఆదివారాల లెక్క: మొత్తం 264, అరవై దాటినవాళ్లు 47. అందులో 41 మంది గండి నుంచే. చెప్పుల తాత కూడా, కాళ్లకు చెప్పులతోనే.

మెట్లకు బండలు కొనలేదు. గడి బండలు వెనక్కి ఇవ్వమని ఊళ్లో అడిగాం. నాలుగు వచ్చాయి. ఐదోది ఎవరివ్వాలో తేలక వారం ఆగింది. ఆదివారం పొద్దున నలుగురు కుర్రాళ్లు గునపాలతో మా ఇంటికే వచ్చారు. "మరి బట్టలెక్కడ ఉతకాలె?" అని మా అమ్మ అరుగు మీద అడ్డంగా కూర్చుంది. సాయంత్రానికి హుజూరాబాద్ నుంచి సిమెంట్ బండ తెచ్చి వేయించాను, 650 రూపాయలు. అది పార్కు లెక్కలో రాయలేదు. సబ్బు జారుతుందని అమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంది.